సగం స్పానర్

ట్యాంకు ముందు పెట్టి
తర్వాత దాని చుట్టూ పడవ కట్టారు.
ఇంకో వివరణ లేదు.

ఇంజన్ వెనక, బ్యాటరీ పెట్టె పక్కన
జానెడు సందు.
సందు చివర ఒక వంపు.
వంపు అవతల, నేనింకా మొహం చూడని ఇత్తడి నట్టు
రోజుకో గ్లాసు డీజిల్ కారుస్తోంది.

మూరోస్ రేవులో మూడు రోజులుగా వాన.
వాన అని కూడా అనలేం,
గాలిని ఎవరో తడిపి ఆరేశారు.
గట్టు మీద గొడుగు కింద రెమీషియో గారు:
"కాక్‌పిట్ నేల మాత్రం కొయ్యకు, సబేలా."
ముప్పై ఏళ్లుగా ఆ టేకు చెక్కకి నూనె రాసింది ఆయనే.
"రంపం పెడితే పది నిమిషాల పని," అన్నాను.
"నా కాలు కోస్తే ఐదే," అన్నారు.

సరే.
పక్కటెముకలు ఇంజన్‌కి ఆనించి
చెంప చల్లటి ఇనుముకి అంటించి
భుజం దాకా లోపలికి.
ముక్కులో డీజిల్, నాలుక మీద డీజిల్,
పొద్దున తిన్న రొట్టె తలుచుకున్నా డీజిలే.

కళ్లు మూసుకుంటే గానీ వేళ్లు తెరుచుకోవు.
ఇది అడ్డమొచ్చిన వైరు.
ఇది గాలి గొట్టం.
ఇది క్లాంపు, తుప్పు పట్టి పిండిలా రాలుతోంది.
ఇది... ఆఁ, ఇదే.
ఆరు ముఖాలు. ఒకటి అరిగిపోయింది.
నాకంటే ముందు ఎవరో
నాకంటే కోపంగా వచ్చి వెళ్లారు.

అమ్మ సార్డీన్ల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు
గోడ గడియారం చూస్తూ చేపలు ఒలిచేది.
చేతుల వంక చూసేదే కాదు.
వెన్నుముల్లు ఎక్కడుందో బొటనవేలికి తెలుసు అనేది.
ఆ ఉద్యోగం నాకొద్దని నేను మెకానిక్ పని నేర్చుకున్నాను.
బొటనవేలు మాత్రం వెంట వచ్చేసింది.

పదిహేడో నంబరు స్పానర్‌ని సగానికి కోశాను.
దీనికి ఎవరూ అడ్డు చెప్పలేదు.
తిప్పితే పన్నెండో వంతు.
ఊడదీసి, తడిమి, తొడిగి,
మళ్లీ పన్నెండో వంతు.
రెండుసార్లు జారి అడుగు నీళ్లలో పడింది.
నేనన్న మాటలకి
పక్క పడవలో వాళ్లు పిల్లల్ని లోపలికి తీసుకెళ్లారు.
తాడు చివర అయస్కాంతం కట్టి
చేపలా పైకి లాగాను.

మధ్యాహ్నానికి విసుగొచ్చి
వంచిన తీగకి ఫోన్ కట్టి వంపు దాటించాను.
ఫొటోలో నట్టు పడలేదు.
వెనక ప్లైవుడ్ పడింది.
దాని మీద వడ్రంగి పెన్సిల్, లావుపాటి అక్షరాలు:
"రేపు డెక్కు మూస్తున్నారు.
ఇక ఏ చెయ్యీ పట్టదు.
చెప్పాను. వినలేదు.
ఎలాదియో, 81 మార్చి."

పొద్దుట్నుంచి ఈ పడవ కట్టినవాణ్ణి
ఏడు తరాల దాకా తిట్టాను.
ఒక్కొక్క తరాన్నే వెనక్కి తీసుకోవడానికి
కాసేపు పట్టింది.

ఆ తర్వాత నట్టు వదిలింది.
నా పనితనం అనను. దానికీ విసుగొచ్చి ఉంటుంది.
కొత్త రాగి వాషరు, కొత్త గొట్టం,
రెండు క్లాంపులు ఎదురెదురుగా.
కింద టిష్యూ కాగితం పరిచి
ఇంజన్ గంటసేపు నడిపాను.
కాగితం మీద నా వేలిముద్ర తప్ప
ఏ మరకా లేదు.

ఎలాదియోకి జవాబు రాయాలనిపించింది.
పెన్సిల్‌తో భుజం దాకా వెళ్లాను.
వంపు దగ్గర మణికట్టు తిరిగింది,
పెన్సిల్ తిరగలేదు.
అందుకని సగం స్పానర్‌కి రాగి తీగ చుట్టి
ఆ మలుపులోనే, వేలికి తగిలేచోట
వేలాడదీసి వచ్చాను.

బిల్లులో "స్పానర్, ఒకటి" అని చూసి
రెమీషియో గారు కళ్లజోడు సవరించుకున్నారు.
"డబ్బులు నావి. వస్తువేదీ?"
"పడవలోనే ఉంది," అన్నాను.
"కావాలంటే చెయ్యి పెట్టి చూసుకోండి."